తంతు మృదులాస్థి: నడుములో, మోకాలిలో, కటిలో దాని పని

మీ చెవి డొప్పను వేళ్ళతో మడిచి వదిలిపెట్టండి. వెంటనే అది మామూలుగా నిలబడుతుంది. ముక్కు కొసను అటూ ఇటూ కదపండి. అది ఎముకలా గట్టిగానూ ఉండదు, మాంసంలా మెత్తగానూ ఉండదు. ఈ పదార్థాన్ని మృదులాస్థి అంటారు. ఆంగ్లంలో కార్టిలేజ్. మాంసం తినే వారికి వేరే చెప్పనక్కర లేదు. కీలు దగ్గర పంటి కింద కరకరలాడే తెల్లని ముక్క అదే.

మృదులాస్థి మూడు రకాలు. మొదటిది కాచాభ మృదులాస్థి. గాజులా నున్నగా ఉంటుంది. కీళ్ళలో ఎముకల చివర్ల మీద, పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసే చోట, శ్వాసనాళపు ఉంగరాలలో ఇది ఉంటుంది. రెండవది స్థితిస్థాపక మృదులాస్థి. బాగా వంగి, తిరిగి యథాస్థితికి వస్తుంది. చెవి డొప్పలో, మింగేటప్పుడు శ్వాసమార్గానికి మూతలా పడే ఉపజిహ్వికలో ఉంటుంది. మూడవది తంతు మృదులాస్థి, అంటే ఫైబ్రోకార్టిలేజ్. ఇది పైనుండి తాకి చూడడానికి దొరకదు. లోపల ఉండి బరువు మోస్తుంది. నేను డిప్లొమా చదివిన రోజుల్లో దీనికి మా పాఠ్యపుస్తకంలో అర పేజీ కంటే ఎక్కువ చోటు లేదు. కాని వార్డులలో చూస్తే నడుము నొప్పి అని, కాలు లాగుతోందని, మోకాలు పట్టేసిందని వచ్చే వారిలో చాలామందికి ఇబ్బంది ఈ మూడవ రకం దగ్గరే. అందుకే ఈ నెల పాఠం దీని గురించి.

నిర్మాణం ఎలా ఉంటుంది?

సూక్ష్మదర్శినిలో చూస్తే తంతు మృదులాస్థిలో ముఖ్యంగా రెండు వస్తువులు కనబడతాయి. ఒకటి కొల్లాజన్ అనే మాంసకృత్తుతో తయారైన దారాల కట్టలు. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులలో ఉండే 1వ రకం కొల్లాజన్ ఇందులో ఎక్కువ. నున్నని కాచాభ మృదులాస్థిలో ఉండేది 2వ రకం. రెండవ వస్తువు ఆ దారాల మధ్య నీటిని పట్టి ఉంచే జిగురు. సబ్జా గింజలు నానబెడితే చుట్టూ పట్టే జిగురును తలచుకోండి, ఇంచుమించు అలాంటిదే. దారాలు కొబ్బరి తాడులా లాగుడును ఆపుతాయి, నీరు పట్టిన జిగురు పరుపులా ఒత్తిడిని ఆపుతుంది. తాడు, పరుపు రెండూ ఒకే చోట కావలసిన స్థలాలలోనే దేవుడు దీనిని అమర్చాడు. మృదులాస్థి కణాలు ఈ దారాల కట్టల మధ్య వరుసలుగా ఇరుక్కొని ఉంటాయి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. దీనిలో, బయటి అంచులు తప్ప, రక్తనాళాలు లేవు. మిగతా మృదులాస్థులలో చాలా వాటికి చుట్టూ ఒక పొర ఉండి, అక్కడి నుండి ఆహారం, కొత్త కణాలు అందుతాయి. దీనికి ఆ పొర కూడా లేదు. పక్కనున్న ఎముక నుండి, కీలు లోపలి ద్రవం నుండి ఆహారం ఊరి లోపలికి రావాలి. చర్మం తెగితే పది రోజుల్లో మానుతుంది, ఇది చిరిగితే నెలలు పడుతుంది, కొన్ని చోట్ల అసలు మానదు. మనిషి కదులుతున్నప్పుడు నొక్కుడు పడి, వదిలి, స్పంజిలా నీరు బయటకు పోయి లోపలికి వస్తుంది. కాబట్టి కదలిక కూడా దీనికి తిండితో సమానం.

వెన్నుపూసల మధ్య డిస్కులు

మన వెన్నెముకలో మెడ నుండి నడుము చివర వరకు 23 డిస్కులు ఉన్నాయి. వెన్నెముక పొడవులో సుమారు నాలుగవ వంతు వీటిదే. ప్రతి డిస్కుకూ నడుమ గుజ్జు వంటి కేంద్రం, దాని చుట్టూ తంతు మృదులాస్థితో చేసిన వలయం ఉంటాయి. ఈ వలయంలో 15 నుండి 25 వరకు పొరలు ఉల్లిపాయలోలాగా ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి. ఒక పొరలోని దారాలు ఎడమ వైపుకు వాలి ఉంటే దాని పక్క పొరలోనివి కుడి వైపుకు వాలి ఉంటాయి. నులక మంచం అల్లిక చూసిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఏ మూల కూర్చున్నా బరువు అన్ని దారాలకూ పంచబడుతుంది. లోపలి గుజ్జులో చిన్నతనంలో 80 శాతానికి పైగా నీరే. వయసుతో అది 70 శాతం దాకా తగ్గుతుంది.

పగలంతా నిలబడి, కూర్చొని ఉంటే ఈ నీరు కొద్దికొద్దిగా బయటకు పోతుంది. రాత్రి పడుకుంటే తిరిగి చేరుతుంది. నమ్మకం లేకపోతే పొద్దున లేవగానే గోడకు నిలబడి పెన్సిలుతో ఎత్తు గుర్తు పెట్టి, మళ్ళీ సాయంత్రం చూడండి. ఒక సెంటీమీటరు, ఒక్కొక్కరికి దాదాపు రెండు సెంటీమీటర్లు తగ్గి ఉంటారు.

1999లో జర్మనీలోని ఉల్మ్ నగర పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి నడుము డిస్కులో సన్నని కొలత పరికరం పెట్టి రోజంతా ఒత్తిడిని కొలిచారు. మామూలుగా నిలబడినప్పుడు ఉన్న ఒత్తిడిని 1 అనుకుంటే, పడుకున్నప్పుడు అది అయిదవ వంతే. నిలబడి ముందుకు వంగితే రెండింతలు దాటింది. నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తితే నాలుగున్నర రెట్లయింది. అదే బరువును మోకాళ్ళు వంచి ఎత్తితే మూడున్నర రెట్ల లోపే ఉంది. ఎత్తిన దానిని ఒంటికి ఆనించి పట్టుకుంటే రెండింతలకు కొంచెం పైన. 20 కిలోలంటే పెద్ద నీళ్ళ బిందె బరువు, ఆరేళ్ళ పిల్లవాడి బరువు.

మరొక సంగతి. రాత్రంతా నీరు పీల్చుకున్న డిస్కు ఉదయం బిగుసుకొని ఉంటుంది. ఆ సమయంలో ముందుకు వంగితే వెనుక వైపు దారాల మీద లాగుడు ఎక్కువ. మన ఇళ్ళలో ఆడవాళ్ళు కళ్ళు తెరవగానే చేసే పని ఏమిటి? పొట్టి చీపురుతో వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, వంగి ముగ్గు పెట్టడం. నడుము నొప్పి ఉన్నవారు ఆ పనిని లేచిన గంట తరువాత పెట్టుకోవాలి, లేదా పొడవు కర్ర ఉన్న చీపురు వాడాలి. 1998లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో ఉదయం వేళ వంగడం తగ్గించిన వారికి నడుము నొప్పి రోజులు తగ్గినట్లు చూశారు. ఖర్చు లేని వైద్యం. అయినా మా మాట విని చీపురు మార్చిన అత్తగార్లు తక్కువే, కోడళ్ళను మార్చనిచ్చిన వారు ఇంకా తక్కువ.

డిస్కు “జారడం” అంటే ఏమిటి?

నిజానికి డిస్కు ఎక్కడికీ జారదు. పైనా కిందా వెన్నుపూసలకు అతుక్కొని ఉంటుంది. వలయంలోని దారాలు తెగి, ఆ సందులోంచి గుజ్జు బయటకు పొడుచుకు వస్తుంది. వలయం వెనుక భాగం ముందు భాగం కంటే పలచన. అందువల్ల గుజ్జు ఎక్కువగా వెనుకకు, కొంచెం పక్కకు వస్తుంది. కాలికి పోయే నరం మొదలు సరిగ్గా అక్కడే ఉంది. నరం నొక్కుకుంటే పిరుదు నుండి పిక్క మీదుగా పాదం దాకా లాగుతుంది. దీనినే సయాటికా అంటాము. దీనికి డిస్కే కారణమని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ ప్రకటించే దాకా లోకానికి స్పష్టంగా తెలియదు. నడుము చివరి రెండు డిస్కులలోనే ఇది ఎక్కువ. ఎందుకంటే పైబరువంతా వాటి మీదే.

“సిస్టరమ్మా, ఎమ్మారైలో డిస్కు ఉబ్బిందని రాశారు. ఇక నా బతుకింతేనా?” అని కాగితం పట్టుకొని వచ్చేవారు చాలామంది. వారికి నేను చెప్పేది ఇది. 1994లో అమెరికాలో నడుము నొప్పి అసలు లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వారిలో సగానికి పైగా, అంటే 52 శాతం మందికి, కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. నొప్పి లేని వారిలోనే! జుట్టు నెరిసినట్లే డిస్కు కూడా మారుతుంది. స్కాన్ కాగితాన్ని ఒక్కదాన్నే చూసి భయపడకూడదు. డాక్టర్ గారు మీ కాలు ఎత్తి చూసి, బొటనవేలి బలం చూసి, స్పర్శ చూసి, దానితో స్కాన్‌ను పోల్చి చెప్పాలి.

నరం నొక్కుకున్న వారిలో కూడా ఎక్కువమందికి ఆరు నుండి పన్నెండు వారాలలో ఆపరేషన్ లేకుండానే నొప్పి తగ్గుతుంది. బయటపడిన గుజ్జును మన తెల్ల రక్తకణాలే తినివేస్తాయి. విచిత్రమేమంటే, పూర్తిగా బయటపడిన పెద్ద ముక్కలే చిన్న ఉబ్బుల కంటే బాగా కరుగుతాయి. అంతవరకు నొప్పి మందులు, కొద్దికొద్దిగా నడక, డాక్టర్ గారు చెప్పిన వ్యాయామం. నెల రోజులు మంచం మీద పడుకోబెట్టడం పాత పద్ధతి. 1986లోనే అమెరికాలో రెండు రోజుల విశ్రాంతిని ఏడు రోజుల విశ్రాంతితో పోల్చి చూశారు. ఎక్కువ రోజులు పడుకున్నందువల్ల అదనపు మేలేమీ లేదు. పైగా కదలిక లేకపోతే డిస్కుకు ఆహారం అందదని పైన చెప్పుకున్నాం. బీడీ, సిగరెట్టు తాగే వారికి ఆ అందే కాస్త ఆహారం కూడా తగ్గుతుంది.

ఎదురుకాళ్ళతో పుట్టిన వారి చేత నడుము తొక్కించుకోవడం, తన్నించుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. కండరం పట్టేసిన నొప్పి దానంతట అదే నాలుగు రోజుల్లో తగ్గుతుంది, పేరు తొక్కిన వారికి వస్తుంది. కాని లోపల దారాలు తెగి ఉంటే? కొన్నేళ్ళ క్రితం బియ్యం మిల్లులో బస్తాలు మోసే ఒకాయనను మా దగ్గరకు తెచ్చారు. వారం రోజులుగా ఒక కాలు లాగుతోంది. ఊళ్ళో తొక్కించారు. ఆ రాత్రి నుండి రెండు కాళ్ళూ తిమ్మిరి. మరునాటి నుండి మూత్రం చుక్కచుక్కగా వస్తోంది. ఎండకు నీళ్ళు తక్కువ తాగాడని ఇంట్లోవాళ్ళు మజ్జిగ పట్టారు. మూడవ రోజు మా దగ్గర గొట్టం వేస్తే లీటరు పైగా మూత్రం వచ్చింది. కూర్చునే చోట చర్మానికి గుచ్చినా తెలియడం లేదు. డాక్టర్ గారు అప్పటికప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపారు, ఆపరేషన్ జరిగింది. నడక వచ్చింది. మూత్రం మీద పట్టు రాలేదు. రోజుకు నాలుగైదు సార్లు తానే గొట్టం వేసుకోవడం మా స్టాఫ్ నర్సులు ఆయనకు నేర్పారు. ఆయన వయసు అప్పటికి ముప్పై ఎనిమిది.

కాబట్టి ఈ లక్షణాలు ఇంట్లో అందరికీ తెలియాలి. నడుము నొప్పితోపాటు మూత్రం ఆగిపోవడం గాని, తెలియకుండా పోవడం గాని, మలం మీద పట్టు తప్పడం, మర్మస్థానం చుట్టూ తిమ్మిరి, రెండు కాళ్ళలోనూ బలం తగ్గడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారే దాకా ఆగకూడదు. 24 నుండి 48 గంటలలోపు నరం మీద ఒత్తిడి తీయాలి. ఎంత త్వరగా తీస్తే అంత మేలు. సిగ్గుపడి చెప్పని వారు, ముఖ్యంగా ఆడవారు, మేము అడిగితే గాని బయటపడరు. నర్సులు తప్పక అడగాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. నడుము నొప్పితో సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే అది డిస్కు అరుగుదల కాకపోవచ్చు. వెన్నుపూసలకు క్షయ సోకి డిస్కును కూడా పాడుచేయవచ్చు. దీనికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. తొందరగా మొదలుపెడితే గూని రాకుండా ఆపవచ్చు.

మోకాలిలోని నెలవంకలు

తొడ ఎముక అడుగు గుండ్రం, కాలి ఎముక పైభాగం దాదాపు చదును. గుండ్రని కుండను చదును బండ మీద పెడితే దొర్లుతుంది గదా, మనం కింద చుట్టకుదురు పెడతాం. మోకాలిలో ఆ చుట్టకుదురు పని చేసేవి రెండు తంతు మృదులాస్థి ముక్కలు. నెలవంక ఆకారంలో ఉంటాయి. ఆంగ్లంలో మెనిస్కస్. కాలు చాపి ఉన్నప్పుడు మోకాలి బరువులో సుమారు సగం, 90 డిగ్రీలు మడిచినప్పుడు సుమారు 85 శాతం వీటి మీదుగా పోతుంది.

ఒకప్పుడు వైద్యులు వీటిని పనికిరాని మిగులు ముక్కలనుకున్నారు. చిరిగితే మొత్తం తీసివేసేవారు. 1883లోనే ఎడిన్‌బరోలో ఆనండేల్ అనే సర్జన్ చిరిగిన దానిని కుట్టి బాగుచేశాడు గాని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే వైద్యుడు, నెలవంక తీసేసిన మోకాళ్ళలో తరువాత ఎముకలు అరుగుతున్నట్లు ఎక్స్‌రేలలో చూపించాడు. 1962లో టోక్యోలో వతనాబే చిన్న రంధ్రం గుండా దుర్బిణితో చూస్తూ చిరిగిన ముక్క మాత్రమే తీశాడు. నేడు వీలున్నంత వరకు కుట్టి నిలబెట్టాలనే చూస్తారు. బయటి మూడవ వంతుకు రక్తం అందుతుంది కనుక అక్కడి చిరుగు మానే అవకాశం ఉంది. లోపలి అంచుకు ఆ అవకాశం చాలా తక్కువ.

కబడ్డీలో పాదం నేలకు ఆని ఉండగా ఒళ్ళు మెలితిరిగితే కుర్రవాళ్ళకు ఇది చిరుగుతుంది. వాపు వస్తుంది, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి పూర్తిగా చాపలేరు. అలా ఇరుక్కున్న మోకాలిని బలవంతంగా లాగకండి, డాక్టరుకు చూపండి. నలభై దాటిన వారిలో అరుగుదలతో వచ్చే చిరుగు వేరు. 2013లో ఫిన్లాండ్‌లో అలాంటి 146 మందిలో కొందరికి చిరుగు ముక్క తీసి, మిగిలిన వారికి తీసినట్లు నటించి మాత్రమే కుట్లు వేశారు. ఏడాది తరువాత ఇద్దరికీ ఒకేలా తగ్గింది! వీరికి తొడ కండరాలు బలపడే వ్యాయామం, బరువు తగ్గడం ముందు. నేల మీద బాసింపట్టు, గొంతు కూర్చోవడం కొన్నాళ్ళు మానాలి. మోకాళ్ళూని ప్రార్థించలేని పెద్దవారు కుర్చీలో కూర్చొని చేసుకోవచ్చు, తప్పేమీ లేదు.

జనం “మోకాలి గుజ్జు అరిగింది” అనేది ఎక్కువగా ఎముకల చివర్ల మీది నున్నని కాచాభ మృదులాస్థి గురించి. అది పోయిన చోట శరీరం తంతు మృదులాస్థితో పూడ్చుకుంటుంది. పట్టుచీరకు నూలుగుడ్డతో మాసిక వేసినట్లు, పని జరుగుతుంది గాని ఆ నునుపు, ఆ మన్నిక రావు. గుజ్జును మళ్ళీ పెంచుతామని అమ్మే పొడులకు, నూనెలకు డబ్బు పోయకండి.

గర్భిణీలకు ముఖ్యమైన కీలు

పొత్తికడుపు కింద ముందు వైపున రెండు కటి ఎముకలు కలిసే చోటు జఘన సంధి. ఆ రెంటినీ కలిపి ఉంచేది తంతు మృదులాస్థి పలక. మామూలుగా ఎముకల మధ్య సందు 4, 5 మిల్లీమీటర్లు. గర్భం దాల్చినప్పుడు రిలాక్సిన్ వంటి హార్మోనుల వల్ల కట్లు వదులై 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇది బిడ్డకు దారి ఇవ్వడానికే. కొందరిలో ఇంకా వదులై, అక్కడ, తొడల లోపలి వైపున నొప్పి మొదలవుతుంది. పక్క తిరగాలన్నా, మెట్లు ఎక్కాలన్నా, ఒంటి కాలి మీద నిలబడాలన్నా ప్రాణం పోయినట్లుంటుందని చెబుతారు. బాతులా నడుస్తారు. సందు ఒక సెంటీమీటరు దాటితే ఎముకలు విడిపోయినట్లే లెక్క.

“నెలలు నిండాయి, ఆ మాత్రం నొప్పి ఉండదా?” అని పెద్దవాళ్ళు కొట్టిపారేస్తారు. అలా అనకండమ్మా. ఆ పిల్ల వళ్ళు బరువై చెప్పడం లేదు. మంచం దిగేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపి ఒక్కసారిగా పక్కకు తిరగాలి. లంగా, చీర కూర్చొని కట్టుకోవాలి. మెట్టుకు రెండు పాదాలూ పెట్టి ఎక్కాలి. నేల మీద బాసింపట్టు వేయకూడదు. అవసరమైతే కటి చుట్టూ పట్టీ కట్టమని డాక్టరమ్మ చెబుతారు. కాన్పు గదిలో పనిచేసే మన సిస్టర్లకు ఒక మాట: ఈ నొప్పి ఉన్న తల్లి తొడలను బలవంతంగా వెడల్పు చేయవద్దు. నొప్పి లేకుండా ఎంత తెరవగలదో నొప్పులు రాకముందే చూసి కేసు షీటులో రాసి పెట్టండి. పక్కకు పడుకోబెట్టి కాన్పు చేయవచ్చు. కాన్పు తరువాత ఎక్కువమందికి కొన్ని వారాలలో తగ్గిపోతుంది.

సిజేరియన్ చేస్తే తల్లి బతకడం అరుదైన రోజుల్లో, 1777లో, పారిస్‌లో సిగో అనే వైద్యుడు బిడ్డకు దారి చాలక ఈ మృదులాస్థినే కోసి కాన్పు చేశాడు. తల్లీబిడ్డా బతికారు. ఆ తల్లికి మాత్రం మూత్రం ఆగని బాధ మిగిలింది.

మరికొన్ని చోట్ల

దవడ కీలులో ఒక చిన్న పలక ఉంది. ఆవలించినప్పుడు టక్కుమని శబ్దం వచ్చేది చాలాసార్లు అది కాస్త తప్పుకొని మళ్ళీ సర్దుకోవడం వల్లే. నొప్పి లేకపోతే వైద్యం అక్కర లేదు. భుజం, తుంటి గిన్నెల అంచున చుట్టూ గట్టులా ఉండి గిన్నె లోతు పెంచేది, మణికట్టులో చిటికెన వేలి వైపున ఉండే పలక, స్నాయువులు ఎముకలోకి దిగే చోటు, ఇవన్నీ తంతు మృదులాస్థే.

చివరగా ఒకటి. ఇది పుట్టుకతో ఉన్న చోట్లలోనే కాదు, ఎముక విరిగినప్పుడు కొత్తగా కూడా పుడుతుంది. విరిగిన రెండు ముక్కల మధ్య మొదట రక్తం గడ్డకట్టి, రెండు మూడు వారాలలో దాని చోట తంతువులు, మృదులాస్థి కలిసిన మెత్తని అతుకు తయారవుతుంది. తరువాతనే అందులో సున్నం చేరి ఎముక అవుతుంది. ఈ మెత్తని అతుకు రోజుల్లోనే నొప్పి, వాపు తగ్గుతాయి. సరిగ్గా అప్పుడే, “నొప్పి లేదు గదా, దురదగా ఉంది” అని ఇంట్లో కత్తెరతో ప్లాస్టర్ కోసేసుకొని పొలానికి వెళ్ళేవారు ఉన్నారు. అప్పటికి అక్కడ ఉన్నది ఎముక కాదు, చెవి డొప్ప కంటే కాస్త గట్టి పదార్థం. బరువు పడితే వంకరగా అతుక్కుంటుంది, లేదా అసలు అతుక్కోదు. ప్లాస్టర్ ఎప్పుడు తీయాలో మీ చీటీ మీద తేదీ రాసి ఉంటుంది. దురద ఎక్కువగా ఉన్నా, వేళ్ళు వాచినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ తేదీ దాకా ఆగనక్కర లేదు. అదే రోజు రండి, క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ సిస్టర్ కూడా చూస్తారు.